కుంగింది నేను నిలబడ్డ చోటు

ఉద్యోగంలో చేరిన రెండో ఏట నేను ఒక బడిని రెండు అంగుళాలు పైకి లేపాను. మందమర్రి బొగ్గు గనుల్లో సర్వే పని నాది. భూమి లోపల బొగ్గు తీసేసిన చోట పైన నేల నెమ్మదిగా కుంగుతుంది. అది ఎంత కుంగిందో నెలనెలా కొలిచి రాయాలి. అందుకోసం ఒక రాయిని కదలనిదిగా ఎంచుకుని, దాని నుంచి మిగతా వాటన్నిటి ఎత్తూ కొలుస్తాం. ఆ నెల నా లెక్కలో పక్క ఊరి బడి పైకి లేచింది. లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను. కూడికలో తప్పు లేదు. అలాగే రిపోర్టు రాసి పెద్ద సర్వేయర్ ముందు పెట్టాను.

ఆయన చదివి, కళ్లజోడు తీసి నన్ను చూశాడు.

"ఏమయ్యా, బడి లేసిందా, నువ్వు కుంగినవా?"

నేను కదలదనుకున్న రాయి కిందే నేల కుంగింది. నేను నిలబడ్డ చోటు దిగిపోతుంటే, కదలకుండా ఉన్న బడి నాకు లేచినట్టు కనిపించింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆఫీసులో నా పేరు 'బడి లేపినోడు'.

అరవై ఏడో ఏట అదే తప్పు ఇంట్లో చేశాను. ఈసారి కొలిచింది నా భార్య సమ్మక్కను. ఆ సంగతి రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. నాలాగే భయపడి దాచుకుంటున్నవాళ్లు ఎవరైనా చదివితే దాచుకోవడం మానేస్తారేమోనన్నది ఒకటి. చేసిన తప్పు గుర్తుండగానే ఒప్పుకోవాలన్నది రెండోది. నా విషయంలో ఈ రెండోదానికి కొంచెం తొందర ఉంది.

ఎండాకాలం

మొదట కళ్లజోడు పోయింది. తర్వాత స్కూటర్ తాళం. ఇంటి మీది ట్యాంకు నిండి నీళ్లు వాకిట్లోకి కారేదాకా మోటారు నడిచింది. పోయిన ప్రతిదానికీ నా నోట్లోంచి ఒకే ప్రశ్న వచ్చేది.

"ఏమే, ఏడ పెట్టినవ్?"

"నేనెందుకు పెడ్త? నీ నెత్తి మీద సూడు."

నెత్తి మీద దొరికినప్పుడు నవ్వేసేవాణ్ని. ఫ్రిజ్‌లో స్కూటర్ తాళం దొరికిన రోజు నవ్వలేదు. "కూరగాయలు పెట్టేటప్పుడు నువ్వే పెట్టినవ్, నీకు యాదుంటలేదు" అన్నాను. గట్టిగా అన్నాను. నేను గట్టిగా అంటే ఆమె ఆగిపోతుందని నాకు తెలుసు. నలభై ఏళ్ల కాపురంలో తెలుసుకున్న సంగతి అది. దాన్ని అలా వాడుకున్నాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ నెలలోనే ఒకరోజు మార్కెట్ చౌరస్తాలో తోటకూర కట్ట చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. మా ఇల్లు ఎటో తెలియలేదు. ఈ ఊరి భూమి పైన, కింద ఉన్న దారులన్నీ కాగితం మీద గీసినవాణ్ని నేను. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎండలో చెమట చల్లబడింది. తర్వాత కాళ్లే ఇంటికి తీసుకొచ్చాయి. "ఇంత సేపా?" అంటే "మందున్నరు" అన్నాను. కూరగాయల దగ్గర ఒక్క మనిషి లేడు ఆ పూట.

అంటే నాకు తెలుసు. పూర్తిగా తెలియకపోయినా ఏదో జరుగుతోందని మాత్రం తెలుసు. తెలిసే ఆమె మీద వేశాను.

అంతటితో ఆగలేదు. సర్వే కొలతలు రాసుకునే పాత ఫీల్డ్ బుక్ ఒకటి తీసి, సమ్మక్క మరుపులన్నీ తేదీ, సమయంతో సహా రాయడం మొదలుపెట్టాను. 'మోటారు బందు చేయలేదు. సమ్మక్క.' 'తలుపు గొళ్లెం వేయలేదు. సమ్మక్క.' కరీంనగర్‌లో ఉన్న మా బిడ్డ స్వరూపకు ఫోన్ చేసి చదివి వినిపించేవాణ్ని.

"అవ్వ నాతోని మంచిగనే మాట్లాడుతుంది గద బాపూ" అని తల్లి తరఫున అనేది.

"ఫోన్ల అందరు మంచిగనే మాట్లాడుతరు. ఇంట్ల ఉండి సూస్తె ఎర్కైతది."

నమ్మించడం నాకు వచ్చు. తేదీలతో, సంతకంతో చెప్తే ఎవరైనా నమ్ముతారు. చివరికి సమ్మక్క కూడా నమ్మింది. పొయ్యి ఆర్పి రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వెళ్లి చూసేది. గుర్తుకని చీర కొంగుకు ముడులు వేసుకునేది. పక్కింటికి పోయి కూర్చోవడం మానేసింది. "మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఏమన్న మరిచిపోతె నవ్వుతరు" అంది.

బతుకమ్మ

మా కాలనీలో బతుకమ్మ పాట ఎత్తేది సమ్మక్కే. ఆమె ఒక చరణం చెప్తే అరవై మంది ఆడవాళ్లు అందుకుంటారు. ఆ ఏడు ఆమె వెనక వరుసలో నిలబడి చప్పట్లు కొట్టింది. పాట వేరే ఆమె ఎత్తింది. మధ్యలో రెండుసార్లు తెగింది.

"ఎందుకు పాడలే?" అని అడిగాను ఇంటికొచ్చాక.

"నడుమ మరిచిపోతె ఇజ్జత్ పోతది. నువ్వే అంటివి గద, నాకు యాదుంటలేదని."

ఆ మాటకు నాకు సిగ్గేయాలి. వేయలేదు. డాక్టరుకు చూపించక తప్పదనుకున్నాను. చూడండి, ఎంత మంచి భర్తనో.

దీపావళి తర్వాత, కరీంనగర్

మందమర్రి నుంచి పొద్దున బస్సులో బయల్దేరాం. ఫీల్డ్ బుక్ సంచిలో పెట్టుకున్నాను. స్వరూప ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. మెదడు డాక్టరు గది ముందు హాలు నిండా జనం. గోడకు ఫ్యాను తిరుగుతున్నా గాలి మా వరకు రావడం లేదు.

నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన తన తువ్వాలు కొసను భార్య కొంగుకు ముడేసి కూర్చున్నాడు. ఆమె లేచి ఎటైనా పోతుందని ముడి. నలభై ఏళ్లు మరమగ్గాల దగ్గర పనిచేసి ఆయన చెవులు దెబ్బతిన్నాయి. అందుకని హాలంతా వినపడేలా మాట్లాడుతున్నాడు.

"మీల ఎవలికి బాగలేదు?"

నేను సమ్మక్క వైపు చూపించాను.

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "గామెకా? పొద్దుగాలటి సంది సూస్తున్న. నీ గోలీ ఇచ్చింది గామె. నంబరు పిలిస్తె లేపింది గామె. నీ అంగీ గుండీ తప్పు కాజాల పెట్టుకుంటె సరిజేసింది గామె. బాగలేంది గామెకా?"

హాలు మొత్తం నా గుండీల వైపు చూసింది. స్వరూప మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

లోపల డాక్టరమ్మ సమ్మక్కకు ఐదు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది. ఏవేవో అడిగి, లెక్కలు చేయించి, గడియారం గీయించి, ఆ ఐదు మాటలు మళ్లీ అడిగింది. సమ్మక్క ఐదూ వరసగా అప్పజెప్పింది. "గీ అయిదు ముక్కలకా గింత దూరం తోలుకొచ్చినవ్?" అంది నాతో.

నేను ఫీల్డ్ బుక్ తీసి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఇక చూడండి, అన్నట్టు.

ఆమె ఓపికగా పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకు.

"సార్, పాలు పొంగిపోయాయి అని ఇక్కడ రాశారు. రెండు పేజీల తర్వాత మళ్లీ రాశారు. ఆ తర్వాత మళ్లీ. మూడుచోట్లా తేదీ ఒకటే. ఆ రోజు మూడుసార్లు పొంగాయా?"

"ఒక్కపారే మేడం" అంది సమ్మక్క. "గది గూడ ఈయన పొయ్యి కాడ నిలబడ్డప్పుడు."

సర్వేలో ఒక నియమం ఉంది. ఫీల్డ్ బుక్‌లో రాసింది చెరపకూడదు, పేజీ చింపకూడదు. ముప్పై ఏడేళ్ల అలవాటు. ఆ అలవాటే లేకపోతే ఆ మూడు పేజీలు ఉండేవి కావేమో. నా చేతిరాత, నా తేదీలు, నా పొట్టి సంతకం. అలాంటివి పద్నాలుగు దొరికాయి.

డాక్టరమ్మ తెల్లకాగితం నా వైపు తిప్పింది. "మీరూ ఒక గడియారం గీస్తారా సార్? పదకొండు దాటి పది నిమిషాలు."

వృత్తం బ్రహ్మాండంగా గీశాను. అంకెలు ముప్పై డిగ్రీలకొకటి చొప్పున, ఎవరూ వేలెత్తి చూపలేనట్టు వేశాను. ముళ్లు మాత్రం ఒకటి పది మీద, ఒకటి పదకొండు మీద పెట్టాను. తర్వాత నాకూ ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే రెండు చెప్పాను. ఆ రెండింట్లో ఒకటి ఆమె చెప్పిందే కాదు.

సమ్మక్క నా గుండీ ఒకటి ఊడిందేమోనన్నట్టు చూసి, దాన్ని సవరించింది.

స్కానింగు

మెదడు స్కానింగుకు ముందు ఉంగరం, గడియారం, కళ్లజోడు తీసేయమన్నారు. సమ్మక్క అన్నీ కొంగుకు ముడేసుకుని, "ఇప్పుడు మాత్రం నేనే పెట్టిన. యాది పెట్టుకో" అంది. భయంలో కూడా నాకు నవ్వొచ్చింది. లోపల ఆ గొట్టంలో పడుకుంటే పైకప్పు కిందికి దిగిన గనిలో ఇరుక్కున్నట్టుంది. చప్పుడు బండకు డ్రిల్లు వేసినట్టే ఉంది. నాకు తెలిసిన చప్పుడే కదా అని కళ్లు మూసుకున్నాను.

వారం తర్వాత మళ్లీ వెళ్తే డాక్టరమ్మ గదిలో ఇంకొకావిడ ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే మేడం. మెదడు భాగాల రూపాన్ని లెక్కలతో కొలిచి, మతిమరుపు జబ్బును ముందే పట్టుకోవచ్చా అని పరిశోధన చేస్తోందట. నా స్కానింగు చిత్రాలు అందులో వాడుకోవడానికి ఒప్పుకుంటారా అని అడిగారు. ఒప్పుకుంటాను గానీ, ఎలా కొలుస్తారో చెప్పమన్నాను.

ఆమె లాప్‌టాప్ తిప్పింది. చిటికెన వేలంత వంకర ముక్క ఒకటి తెర మీద తిరుగుతోంది. కొత్త జ్ఞాపకాలు నిలబడటానికి ముఖ్యమైన చోటు అదేనట. హిప్పోక్యాంపస్ అంటారు. దాని మీద వల పరిచినట్టు చుక్కలు.

"మొత్తం ఎంత తగ్గిందన్నది ఒక్కటే కొలిస్తే కొన్నిసార్లు ఆలస్యంగా తెలుస్తుంది సార్. ఒక మూల చిన్న సొట్ట పడితే మొత్తంలో అది కలిసిపోతుంది. అందుకని ప్రతి చుక్కనూ విడిగా చూస్తాం. లోపలికి పోయిందా, బయటికి వచ్చిందా అని."

"గిది మా పైకప్పు కొలతనే గద మేడం!" అన్నాను. గనిలో పైకప్పుకు ఒక మేకు, నేలకు ఒక మేకు కొట్టి, మధ్య దూరం వారం వారం కొలుస్తాం. పైకప్పు కూలాక ఎవరైనా చెప్తారు. ఏ మూల దిగుతోందో ముందే చెప్పాలి. అదే మా పని. ఆ మేడం కళ్లు మెరిశాయి. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"ముందు బొమ్మలన్నింటినీ ఒకే తీరుగా పేరుస్తాం. తల కాస్త వాలిందనో, పక్కకు జరిగిందనో వచ్చే తేడాలన్నీ తీసేస్తాం. ఆ తర్వాత కూడా మిగిలేదే రూపంలో తేడా."

అప్పుడు సర్వేయర్ అడిగే ప్రశ్న అడిగాను. "మరి మీ కదలని రాయి ఏది? దేన్ని పట్టుకుని కొలుస్తరు?"

"మంచి ప్రశ్న సార్. ఏ ఒక్కరి మెదడునూ పట్టుకోం. చాలామందివి కలిపి సగటు రూపం తయారు చేసుకుంటాం. ఒక్కరినే కొలబద్ద చేసుకుంటే, ఆయనలో ఉన్న వంకర మిగతా అందరిలో ఉన్నట్టు కనిపిస్తుంది."

నలభై మూడేళ్ల కిందటి ఆ బడి నా ముందు నిలబడింది. రెండు అంగుళాలు లేచి. దాని గుమ్మంలో సమ్మక్క.

"ఏమయ్యా, ఏమైంది? నీళ్లు తాగుతవా?" అంది పక్కనున్న సమ్మక్క.

డాక్టరమ్మ అంతా వివరంగా చెప్పింది. ఆ చిత్రం ఒక్కటే ఏదీ తేల్చదట. పరీక్షలూ మేము చెప్పినవీ అన్నీ కలిపి చూస్తే మరుపు మొదటి మెట్టులో ఉన్నట్టుంది. రక్తంలో ఒక విటమిన్ బాగా తక్కువ ఉంది, నిద్ర సరిగా లేదు, చెవి ఒకటి మందగించింది. అవి ముందు సరిచేసుకోవాలి. ఏడాది తర్వాత మళ్లీ స్కానింగు తీసి, నా రూపాన్ని నా రూపంతోనే పోల్చి చూస్తారు. ఒక్క రీడింగుతో కదలిక తెలియదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బిళ్లల బోర్డు

ఇంటికొచ్చాక మూడు నెలలు నేను మనిషిని కాను. ఎవరితోనూ మాట్లాడలేదు. గోలీ ఇస్తే విసుక్కున్నాను. నేను రేపు ఎవరినీ గుర్తుపట్టకపోతే అన్నది ఒక భయం. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. సమ్మక్కకు నేను ఏం చేశానో మరిచిపోతే? అప్పుడు ఆ తప్పు ఒప్పుకునేవాడు ఈ లోకంలో మిగలడు. అయినా నోరు పెగల్లేదు. పైగా ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అంటే నాకు సులువయ్యేది.

సమ్మక్క తండ్రి గనిలో పనిచేసినవాడే. కిందికి దిగేవాడు తన బిళ్ల తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక బోర్డుకు తగిలిస్తాడు. మేకుకు బిళ్ల లేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పద్ధతి. ఒకరోజు వంటింటి గోడకు ఒక చెక్క కొట్టించింది. ఐదు మేకులు, ఐదు ఇత్తడి బిళ్లలు. పొయ్యి, మోటారు, గోలీలు, తాళం, నేను.

"మోటారు ఏస్తె బిళ్ల జేబుల ఏస్కో. బందు జేసినంక తగిలియ్యి. మేకు ఖాళీగ ఉన్నదంటె పని ఇంక లోపలున్నట్టు. సమజైందా?"

"నా పేరుది ఎందుకు?"

"నువ్వు బయటికి పోయినప్పుడు తీస్కపో. ఎనుక నా ఫోన్ నంబరు కొట్టిచ్చిన."

బిళ్ల తిప్పి చూశాను. నంబరు ఉంది. పక్కింటామె వచ్చి ఆ బోర్డు చూసి ఏమిటని అడిగితే, "మా ఆయనకు ఇంక డ్యూటీ అయిపోలేదు" అని నవ్వింది సమ్మక్క. చాలా నెలల తర్వాత ఆమె నవ్వు వినడం అదే. ఆ రోజు నుంచి మోటారు నీళ్లు వాకిట్లోకి రాలేదు.

మళ్లీ బతుకమ్మ

కాలనీ మైదానంలో ఆడవాళ్లు పూలు పెట్టి చుట్టూ నిలబడ్డారు. "సమ్మక్కా, ఎత్తు" అన్నారు. ఆమె కదల్లేదు. నేను పక్కన మగవాళ్లలో నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు చూసింది.

ఆ చూపుతో నా కాళ్లు వాటంతటవే ముందుకు నడిచాయి. అరవై మంది ఆడవాళ్ల మధ్య నిలబడి అన్నాను.

"అమ్మా, పోయినేడు ఆమెకు మతిమరుపని చెప్పింది నేను. మతిమరుపు నాది. దాస్కుందామని ఆమె మీద ఏసిన. ఆమెకు అంతా యాదున్నది."

వెనక నుంచి ఒక ముసలామె అంది, "గది మాకు ఎప్పుడో ఎర్కే సర్వే సారూ. నిరుడు నా ఇంటికొచ్చి, గిది మా ఇల్లే అంటివి."

నవ్వులు పూల మీదుగా చుట్టూ తిరిగాయి. నేనూ నవ్వాను. సమ్మక్క పాట ఎత్తింది. ఐదో చరణం దగ్గర ఒక్క మాట తట్టక ఆగింది. పక్కనామె అందించింది. "అగో, నాకు గూడ!" అని నవ్వుకుంటూ పాడుతూ పోయింది.

రెండో రీడింగు

ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే హాలు. కొంగుకు తువ్వాలు ముడేసిన పెద్దాయన ఉన్నాడు, భార్య ఉంది. ఆమెకు ఆయన ఎవరో తెలియడం లేదట ఇప్పుడు. అయినా తన అరటిపండు సగం చేసి ఒక ముక్క ఆయనకు, ఒక ముక్క నాకు ఇచ్చింది. ఆయన నా గుండీలు చూసి, "ఈపారి సక్కగున్నయ్!" అని హాలుకంతా ప్రకటించాడు.

లోపల తెర మీద రెండు రూపాలు, ఒకదానిమీద ఒకటి. నా చేయి సమ్మక్క చేతిలో ఉంది. ఎవరు ఎవరిది పట్టుకున్నారో చెప్పలేను. లెక్కల మేడం నెమ్మదిగా తిప్పి చూపించింది. ఒక అంచున కొన్ని చుక్కలు కాస్త లోపలికి పోయాయి. మిగతావి దాదాపు ఎక్కడివక్కడే.

"కదిలింది" అన్నాను.

"కదిలింది సార్" అంది డాక్టరమ్మ. "కానీ చాలా నెమ్మదిగా. మీ పరీక్షలు పోయినసారి కంటే బాగున్నాయి. ఇలాగే ఉండండి. వచ్చే ఏడు మళ్లీ చూద్దాం."

నెమ్మదిగా దిగే పైకప్పు కింద మనుషులు ఏళ్ల తరబడి పనిచేశారు. దుంగలు నిలబెట్టుకుని, కొలుచుకుంటూ. నాకు అది చాలు.

ఆ ఏడాదంతా నేను ఇంకో పని కూడా చేశాను. ఫీల్డ్ బుక్‌లో తప్పు రీడింగు దిద్దే పద్ధతి ఒకటుంది. పాతది కనపడేలా దాని మీద ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ప్రతి పేజీలో 'సమ్మక్క' మీద ఒక గీత కొట్టి 'నేను' అని రాశాను. కరీంనగర్ నుంచి వచ్చిన మర్నాడు ఆ పుస్తకం ఆమె చేతిలో పెట్టి, "తప్పయింది, మాఫ్ చెయ్యి" అన్నాను.

ఆమె వాకిట్లో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. ఒకచోట ఆగి పెన్ను అడిగింది.

"గీడ తప్పు రాసినవ్."

చూశాను. 'పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది.' అక్కడా పేరు కొట్టేసి 'నేను' అని దిద్ది ఉంది.

"గది నేనే ఏసిన."

"మరిచిపోయి?"

"మరిచిపోయి ఎందుకేస్త? పోయినేడు బతుకమ్మ అయినంక నీ మీద కోపంతోని ఏసిన. రెండు గంటెల ఉప్పు. నువ్వు మాట్లాడకుంట తిన్నవ్ సూడు, గప్పుడు నాకు అనుమానమొచ్చింది, ఈయనకే ఏదో అయితున్నదని."

నా 'నేను' మీద ఒక గీత కొట్టి, 'కావాల్నని' అని రాసింది. పక్కన సంతకం పెట్టమన్నాను, నియమం కదా. పెట్టింది. ఆ పుస్తకంలో ఆమె సంతకం ఉన్నది ఆ ఒక్క పేజీలోనే. ఉన్నవాటిలో సరైన రీడింగు అదే.